పొయ్యిలు ఆర్పిన రాజు

వజ్రతోరణ నగరపు తూర్పు ద్వారం దాటగానే మొదలయ్యే పొగల వీధిని ఎరుగని బాటసారి కుసుంభ దేశంలో లేడు. ప్రొద్దు పొడిచేసరికి ఆ వీధిలోని పూటకూళ్ళ ఇళ్ళ కప్పుల మీద నీలిపొగలు నెమలిపింఛాల్లా విచ్చుకునేవి. ఒక వాకిట్లో మిరియాల చారు మరుగుతూంటే, ఎదురు వాకిట్లో జొన్నరొట్టెలు నిప్పుల మీద పొంగేవి. వేగిన జీలకర్ర కమ్మదనం, ఇప్పసారా ఘాటు, నేతి గారెల వాసన కలిసి కోటగోడ ఎక్కి, బురుజుల మీద పహరా కాసే భటుల నోళ్ళు ఊరించేవి. ఎడారి దాటి వచ్చిన ఒంటెల బిడారులు, ముత్యాల వర్తకులు, సన్యాసులు, గారడీవాళ్ళు, ఎక్కడి నుంచో పారిపోయి వచ్చిన దొంగలు, అందరూ అక్కడ ఒకే చాప మీద కూర్చుని తినేవారు.

ఆ వీధిలోకెల్లా పెద్ద పూటకూటి ఇల్లు పోలనది. వయసులో ఉన్నవాడు, ఆజానుబాహువు. నిండు బియ్యపు బస్తాను ఒంటిచేత్తో అటక మీదికి విసిరేవాడు. అతని చేతి వంటకెంత పేరో, గుండె ధైర్యానికీ అంత పేరు.

దుష్టుడైన దుర్జయసేనుడు సొంత అన్నను చంపి సింహాసనం ఎక్కిన రోజుల్లో, చనిపోయిన రాజు ఒక్కగానొక్క కొడుకు విభావసుడు ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోయి వచ్చింది ఈ పోలన వంటింటికే. పోలన అతనికి మసి పూసి, వాసు అని పేరు పెట్టి, గిన్నెలు తోమే పనిలో దాచాడు. దుర్జయసేనుడి వేగులు ఆ ఇంట్లోనే పీటల మీద కూర్చుని, రాకుమారుడు తోమిన కంచాల్లోనే భోంచేసి పోయారు. చివరికి పొగల వీధి వాళ్ళంతా ఒక్కటై, వసంతోత్సవం నాడు కోట కాపలావాళ్ళకు ఉమ్మెత్త కలిపిన పాయసం పోసి నిద్రపుచ్చి, తూర్పు ద్వారం తెరిచారు. దుర్జయసేనుడు అడవుల పాలయ్యాడు. విభావసుడు రాజయ్యాడు.

పట్టాభిషేకం రోజున కొత్త రాజు నిండుసభలో పోలనను కౌగిలించుకుని, "ఈ సింహాసనం నీ పొయ్యి పక్కన పుట్టింది పోలన్నా! మీ పొయ్యిల జోలికి నా వంశంలో ఎవడూ రాడు" అన్నాడు. పొగల వీధి ఆనాడు పండగ చేసుకుంది.

ఆ పండగ తోరణాలు ఇంకా వాడిపోకముందే ఒకనాటి ఉదయం భేరీ మోగింది. తెల్లగుర్రమెక్కిన చాటింపువాడు వీధి నడుమ నిలబడి గొంతెత్తాడు.

"శ్రీమన్మహారాజ విభావసు ప్రభువుల ఆజ్ఞ! నగరంలోనూ రాదారుల మీదా అన్నం పెట్టి అమ్మేవారు, కల్లు, సారా, పానకం పోసేవారు ఈ క్షణమే తమ పొయ్యిలు ఆర్పివేయాలి. ఆకలిగొన్నవారికి రాజభోజనశాలలున్నాయి. దప్పికగొన్నవారికి అక్కడ శాంతిరసం ఉంది. మరొక చోట తిన్నా, తాగినా, తాగించినా రాజద్రోహం!"

మరుక్షణం పెనాల మీది రొట్టెలు మాడుతున్నా లెక్కచేయక జనం బయటికి ఉరికారు. అందరికంటే ముందు రోకలి పట్టుకుని వచ్చింది ముప్పమ్మ. ఆమె ఇప్పసారా కాచే మనిషి. తల్లి లేని పోలనను పెంచింది ఆమే.

"ఓరి నీ భేరీ పగల! ఏ పొయ్యి ఆర్పేదిరా?" అంటూ ఆమె గుర్రం కళ్ళెం పట్టుకుంది. "మొన్న మా వీధి గుమ్మంలో దాక్కుని బతికిన పిల్లోడేగా మీ రాజు! రమ్మను వాణ్ణి. నా కుండ మీద చెయ్యేస్తే ఈ రోకలితో పలకరిస్తా."

"మంచిమాట!" అని అరిచారు జనం. రోకళ్ళు, కవ్వాలు, కత్తిపీటలు పైకి లేచాయి. చాటింపువాడి ముఖం పాలిపోయింది.

అప్పుడు పోలన ఇద్దరి మధ్యకూ వచ్చి నిలబడ్డాడు.

"ఆగత్తా! ఇందులో ఏదో పొరపాటుంది. వాసు నా చేతి ముద్ద తిన్నవాడు. జ్వరమొస్తే నా దుప్పటి కప్పుకుని పడుకున్నవాడు. మనకి ద్రోహం తలపెట్టడు. ఎవడో మంత్రి చేసిన పని అయుంటుంది. నేను కోటకెళ్ళి మాట్లాడొస్తా. అందాకా మీరంతా ఆయుధాలు కింద పెట్టండి."

"పోలా, నాకు నమ్మకం లేదురా."

"నా మీద ఉందా?"

ముప్పమ్మ అతని కళ్ళలోకి చూసింది. రోకలి నేల మీద పెట్టింది. ఆమెను చూసి అందరూ పెట్టారు.

చివరి కత్తిపీట నేలను తాకిందో లేదో, ఇంటి కప్పుల మీద నక్కి ఉన్న భటులు గొలుసు వలలు విసిరారు. వీధి రెండు చివరలా ఇనుప బళ్ళు అడ్డం తిరిగాయి. కేకలు, పెడబొబ్బలు, పగిలే కుండలు! పోలన పెద్ద అట్లకాడ అందుకుని నలుగురిని పడగొట్టాడు. కానీ విచిత్రం! ఏ భటుడూ అతని మీద కత్తి దూయలేదు. అతను ముందుకు దూకితే వాళ్ళు వెనక్కి తగ్గారు.

"నీ ఒంటి మీద గీటు పడకూడదని ప్రభువుల ఆజ్ఞ పోలన్నా!" అన్నాడు దళపతి, అందరికీ వినబడేలా.

ఆ మాట బళ్ళలోకి తోయబడుతున్న వాళ్ళందరి చెవులా పడింది. ముప్పమ్మ ఊచల మధ్య నుంచి తల బయటపెట్టింది. ఆమె కళ్ళలో నీళ్ళు లేవు, నిప్పులున్నాయి.

"నీ మాట విని కింద పెట్టాం కదరా! ఎంతకి అమ్ముకున్నావురా మమ్మల్ని?"

పోలన ఆ బండి వెంట పరుగెత్తాడు. దారిలో ఒక్కసారిగా నల్లటి పొగ గోడలా లేచింది. ఆ పొగ మధ్య, దుమ్ములగొండ్లు లాగే రథం మీద, నక్క కళ్ళవంటి పచ్చని కళ్ళున్న ఒక బక్కపలచని మనిషి కనిపించాడు. ఒంటినిండా ఎముకల తావళాలు, చేతిలో పాముతల కర్ర. పేరూ, రూపూ వినడమే తప్ప పోలన ఎన్నడూ చూడని మాంత్రికుడు జంబుకాక్షుడు! అతను కర్ర ఆడించగానే రథమూ, బళ్ళూ, మనుషులూ పొగలో కలిసి మాయమయ్యారు.

బూడిద పట్టిన వీధి మధ్య పోలన ఒంటరిగా నిలబడ్డాడు. అవమానంతో అతని ఒళ్ళు మండిపోతోంది. అయినా మనసులో ఒక ఆశ మెరిసింది. 'ఇది వాసు పని కాదు. ఈ మాంత్రికుడు వాణ్ణి మంత్రంతో కట్టేశాడు. ఆ కట్టు తెంచితే అంతా సర్దుకుంటుంది!'

మంత్రపు కట్టు తెంచేది సత్యతీర్థం ఒక్కటే అని బిడారుల ముసలివాళ్ళు అతని చాప మీద కూర్చుని ఎన్నోసార్లు చెప్పుకున్నారు. డేగకొండ శిఖరాన, బండచీలికలో ఊరే నీరది. దాన్ని కాచే రాక్షసడేగ ముక్కు ఇనుము, గోళ్ళు ఇనుము.

పోలన ఆ పూటే బయల్దేరాడు. ముళ్ళపొదలు చీల్చుకుంటూ, వేళ్ళూ ఊడలూ పట్టుకుంటూ ఆకాశాన్ని గుద్దుతున్నట్టున్న ఆ కొండను ఎగబాకాడు. శిఖరం చేతికందేసరికి ఎండ మీదికి మబ్బు వచ్చినట్టు నీడ పడింది. తలెత్తేలోగా గాలి ఈలవేసింది. ఇనుపగోళ్ళు అతని నడికట్టు పట్టుకుని అమాంతం పైకి లేపాయి!

డేగ అతన్ని గూటిలో పడేసింది. తాటిదూలాలతో అల్లిన గూడది. చుట్టూ ఏనుగుల పుర్రెలు. ఆ పక్షి ముక్కు చాచి వంగుతుండగా, పోలన చెకుముకి కొట్టి గూటి పుల్లలకు నిప్పంటించాడు. మొలలోని మూట విప్పి గుప్పెడు ఎండుమిరపకాయలు ఆ నిప్పులో కుమ్మరించాడు. కోరు గుప్పుమంది. రాక్షసడేగ జన్మలో ఎరుగని ఘాటది! దాని కళ్ళ వెంట నీళ్ళు ధారకట్టాయి. అది తుమ్మిన తుమ్ముకు కొండచరియలు విరిగిపడ్డాయి. అది గుడ్డిగా రెక్కలు కొట్టుకుంటూ లోయలోకి దూకగానే, పోలన తడిగుడ్డ ముఖాన కట్టుకుని బండచీలికకు పాకి, వెన్నెల కరిగించినట్టున్న ఆ నీటిని సొరకాయ బుర్రలో నింపుకున్నాడు.

తిరిగి నగరం చేరేసరికి అతను ఎరిగిన నగరం అది కాదు. పొగల వీధిలో పిల్లులు చల్లటి పొయ్యిల్లో పడుకున్నాయి. కొత్తగా కట్టిన రాజభోజనశాలల్లో మాత్రం జనం బారులు తీరి కూర్చుని, ఉప్పూ కారం లేని గంజి తిని, ముదురాకుపచ్చ శాంతిరసం తాగుతున్నారు. ఎవరూ పక్కవాడి వైపు తిరగడం లేదు. పోలన తనకు తెలిసిన కుమ్మరి కామయ్యను గుర్తుపట్టి పక్కన చేరాడు.

"కామయ్య మామా, నీ కొడుకుని భటులు పట్టుకెళ్ళారంట కదా?"

"పట్టుకెళ్ళారు" అన్నాడు కామయ్య మెల్లగా. లోటాలోని రసం చివరి గుటక మింగాడు. "ఇప్పుడు శాంతిగా ఉంది."



కొబ్బరిపీచుతో గడ్డం, పసుపురాసిన తలపాగా, చెవులకు గవ్వల పోగులు! పగడాల దీవి నుంచి వచ్చిన వంటవాడినని చెప్పుకుంటూ పోలన రాజప్రాసాదపు వంటవాకిలి చేరాడు. ఆ వాకిలికి ఇరువైపులా రెండు రాతిసింహాలు. విషం తెచ్చినవాణ్ణి అవి పసిగట్టి చీల్చేస్తాయి. పోలన వాటి నడుమ అడుగుపెట్టగానే ఎడమవైపు సింహం రాతిరెప్పలు తెరిచింది. మెడ కిర్రుమంటూ తిరిగింది. దాని చల్లని ముక్కు సొరకాయ బుర్రను ఆసాంతం వాసన చూసింది. పోలన ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. సింహం ఆవులించి, మళ్ళీ కళ్ళు మూసుకుంది.

మధ్యాహ్నానికల్లా అతను వండిన భోజనం బంగారు పళ్ళెంలో రాజు ముందుకు వెళ్ళింది. గోడలనిండా అద్దాలు తాపిన భోజనమందిరం. చందనపు పీట మీద విభావసుడు ఒక్కడే కూర్చున్నాడు. పోలన తలవంచుకుని వడ్డించాడు. సత్యతీర్థాన్ని వెండిగిన్నెలో పోసి పక్కన పెట్టాడు.

రాజు చారు ఒక్క గుక్క తాగి చిన్నగా నవ్వాడు.

"ఆ గడ్డం తీసెయ్యి పోలన్నా. దురదగా ఉంటుంది. చారులో వాము వేసేవాడు ఈ దేశం మొత్తం మీద నువ్వొక్కడివే."

పోలన గడ్డం లాగి పారేశాడు. మోకాళ్ళ మీద కూలబడి గిన్నెను రాజు చేతికి అందించాడు.

"వాసూ! నేనెవరో తెలిసింది కదా, చాలు. ఇంకేం అడక్కు. ఇది తాగు. సత్యతీర్థం. ఆ మాంత్రికుడు నీకు వేసిన కట్టు తెగిపోతుంది. నువ్వు మళ్ళీ నువ్వవుతావు."

విభావసుడు గిన్నెలోకి చూశాడు. ఆ క్షణంలో అతని ముఖంలో ఏదో జాలి లాంటిది కదిలింది. గిన్నె ఎత్తి, చుక్క మిగల్చకుండా తాగాడు. మూతి తుడుచుకున్నాడు.

పోలన ఎదురుచూశాడు. ఉరుము లేదు, మెరుపు లేదు. రాజు ఒంట్లోంచి ఏ పిశాచమూ పెడబొబ్బలు పెడుతూ పారిపోలేదు.

"చల్లగా ఉంది. తియ్యగా కూడా ఉంది" అన్నాడు విభావసుడు. "అంతేనన్నా. తెగడానికి నా మీద ఏ కట్టూ లేదు. జంబుకాక్షుడు నన్ను పట్టుకోలేదు. నేనే వాడికి కబురంపి పిలిపించుకున్నాను."

అద్దాలలో వందమంది విభావసులు పోలనను ప్రశాంతంగా చూస్తున్నారు.

"ఎందుకు?" అన్నాడు పోలన. "దుర్జయసేనుడు కూడా మా పొయ్యిలు ముట్టుకోలేదే! నీ కోసం ఆ వీధంతా మెడలు కత్తుల కింద పెట్టింది. నీకు పురుగన్నం పెట్టామా? పరాయివాడిలా చూశామా?"

"కన్నతల్లి కూడా అంత బాగా చూడదు. కాదనను" అన్నాడు రాజు. "కానీ నీ ఇంట్లో గిన్నెలు తోముతూ నేనొకటి నేర్చుకున్నాను. ఆకలితో వచ్చినవాడు కడుపు నిండాక మాట్లాడతాడు. పక్కవాడు వింటాడు. ఇంకో లోటా పడ్డాక ఇద్దరికీ ధైర్యమొస్తుంది. అలా మాటా మాటా కలిసి ఒక రాజు పోయాడు. దుర్జయసేనుడు మూర్ఖుడు, నీ వీధిని వాసన చూసి నవ్వుకున్నాడు. నేను అందులో బతికాను. రాజుల్ని దింపే చోటుని నా కోట గుమ్మానికి ఎదురుగా తెరిచి ఉంచుకోమంటావా?"

"మరి ఆ వేళ నిండుసభలో చెప్పిన మాట?"

"ఆ వేళ నిజంగానే అన్నాను." విభావసుడు పీట మీద నుంచి లేచాడు. "అన్నా, నీకు నేను కీడు తలపెట్టను. రాజభోజనశాలలన్నిటికీ నువ్వే అధిపతివి. నా పక్కన ఉండు."

"ముప్పమ్మత్తని, మా వాళ్ళని వదిలిపెట్టు."

"అదొక్కటీ అడక్కు."

పోలన బంగారు పళ్ళేన్ని అందుకుని విసిరాడు. రాజు పక్కకు తప్పుకున్నాడు. వెనకనున్న అద్దం ముక్కలైంది. ఆ పగులులోంచి పచ్చటి కళ్ళు మెరిశాయి! జంబుకాక్షుడు అద్దంలోంచి అడుగు బయటపెట్టి, పాముతల కర్రను పోలన గొంతుకు ఆనించాడు. మంచుగడ్డ మింగినట్టయింది. పోలన అరవబోయాడు. శబ్దం రాలేదు. నాలుక రాయిలా బిగిసిపోయింది!

"నిన్ను చంపితే జనం నీకు గుడి కడతారు" అన్నాడు విభావసుడు, అతని ముఖం చూడకుండా. "అందుకని సన్మానిస్తున్నాను."

పోలనకు పట్టువస్త్రాలు కట్టారు. ముంజేతులకు బంగారు కడియాలు తొడిగి, వాటి గొలుసుల్ని ఎవరికీ కనబడకుండా అంబారీ గుంజలకు బిగించారు. మేళతాళాలతో ఏనుగు కదిలింది. ముందు చాటింపువాడు గొంతు చించుకుంటున్నాడు.

"ప్రభుభక్తుడు పోలన! పొగల వీధి ద్రోహుల్ని పట్టిచ్చిన పోలన! నేటినుంచి రాజభోజనశాలల అధిపతి పోలన!"

పట్టుబడినవారి తల్లులు, భార్యలు, ఆ రసం ఇంకా నోట పెట్టనివాళ్ళు, వీధులకిరువైపులా నిలబడి చూశారు. మొదట ఒక ముసలామె పిడికెడు బూడిద విసిరింది. తర్వాత పెంకులు. తర్వాత రాళ్ళు. "తిన్న ఇంటివాసాలు లెక్కపెట్టాడు!" "తల్లిలా సాకినదాన్నే అమ్మేశాడు!" పోలన తల అడ్డంగా ఊపాడు. నోరు తెరిచాడు. ఏనుగు మీద కూర్చుని జనాన్ని చూసి వెక్కిరిస్తున్నాడనుకున్నారు వాళ్ళు. రాళ్ళు ఇంకా జోరయ్యాయి. నుదుటి మీది నెత్తురు కళ్ళలోకి కారుతుంటే, అతను తన కోసం కాక, పట్టాభిషేకం నాటి ఆ కౌగిలి కోసం ఏడ్చాడు.

ఊరేగింపు నీలవేణి నది వంతెన ఎక్కింది. ఎవరో విసిరిన పెద్దరాయి గురితప్పి ఏనుగు కుంభస్థలాన్ని తాకింది. ఏనుగు ఘీంకరించి తొండమెత్తింది. మావటి జారిపడ్డాడు. పోలనకు ఆ అదను చాలింది. కాళ్ళు తన్నిపెట్టి, కండలు తెగేలా కడియాలను లాగాడు. ఫెళ్ళుమని అంబారీ గుంజలు విరిగాయి. పట్టుబట్టలు, బంగారు గొలుసులు, విరిగిన కొయ్యలు, అన్నిటితో కలిసి అతను నదిలో పడ్డాడు.

వంతెన కింద సుడిగుండం అతన్ని బొంగరంలా తిప్పి లోపలికి లాక్కుంది. చీకటి రాతిసొరంగంలోకి నీరు బాణంలా దూసుకుపోయింది. బండలకు భుజాలు గీసుకుపోయాయి. ఇక ఊపిరి ఆగిపోతుందనగా ఎర్రటి వెలుగు కనిపించింది. ప్రవాహం అతన్ని ఒక రాతిగట్టు మీదికి విసిరికొట్టింది.

కోట కింద కొండను తొలిచిన గుహ అది. దేవాలయ గోపురాలంత కాగుల్లో శాంతిరసం ఉడుకుతోంది. పొగల వీధి జనమంతా కాళ్ళకు సంకెళ్ళతో, రసంలో వేసే నల్లతీగల మోపులు మోస్తూ, నిలువెత్తు తెడ్లతో ఆ కాగుల్ని కలియబెడుతున్నారు. నదిలోంచి నీళ్ళు తోడే చోట తెడ్డు పట్టుకుని నిలబడి ఉంది ముప్పమ్మ. ఆమె చేతుల చర్మం కాలి పొక్కిపోయింది.

గట్టు మీద పడ్డ మనిషిని ఆమె చూసింది. పట్టువస్త్రాలు చూసింది. బంగారు కడియాలు చూసింది.

"చెప్పరా!" అంది, తెడ్డు ఎత్తి. "కాపలావాళ్ళు ఇందాకే చెప్పి నవ్వారు, నువ్వు ఏనుగెక్కావంట. నేను నమ్మలేదు. ఇప్పుడు నువ్వే చెప్పు. అబద్ధమని ఒక్క ముక్క చెప్పు, చాలు!"

పోలన ఆమె పాదాలు పట్టుకున్నాడు. నోరు తెరిచాడు. గొంతు నరాలు ఉబ్బాయి. గాలి తప్ప ఏమీ రాలేదు.

"ఒక్క ముక్క కూడా లేదూ?" అంది ముప్పమ్మ.

అంతలో గుహ పైమెట్ల మీద ఎముకల తావళాల గలగల వినిపించింది. ముప్పమ్మ ఆ వైపు చూసింది, పోలన వైపు చూసింది. పళ్ళు కొరికి అతన్ని కాలితో నల్లతీగల కుప్పలోకి తోసి, పైన ఇంకో మోపు పడేసి, దానికి ముందు నిలబడింది.

"నీళ్ళలో ఏదో పడ్డ చప్పుడైంది" అన్నాడు జంబుకాక్షుడు మెట్లు దిగుతూ. "ఎవరొచ్చారిక్కడికి?"

"ఎవరొస్తారయ్యా ఈ నరకానికి? మమ్మల్ని అమ్ముకున్నోడు పట్టుబట్టలు కట్టుకుని పైన ఊరేగుతున్నాడంట కదా. వాడొస్తాడా?"

మాంత్రికుడు ముక్కుపుటాలు ఎగరేస్తూ కుప్ప దగ్గరికి వచ్చాడు. పాముతల కర్రను తీగల్లోకి గుచ్చాడు. దాని కొన పోలన భుజంలో దిగింది. జంబుకాక్షుడు ఆగి, కర్ర వెనక్కి తీసి, కొనకంటిన నెత్తురు చూసి పళ్ళికిలించాడు.

తీగల సందులోంచి పోలనకు ముప్పమ్మ కనిపించింది. ఆమె రెండు చేతులా తెడ్డును తల మీదికి ఎత్తింది. అది ఎవరి నెత్తిన పడబోతోందో ఆమె కళ్ళు చూసినా అతనికి తెలియలేదు.